బల్లమీద వదిలిన పుస్తకం

సాయంత్రం ఆరు కావడానికి పది నిమిషాల ముందు ఆ శాఖా గ్రంథాలయంలో అడుగుపెట్టిన వాళ్లెవరైనా చదువుకునే గదిలోని నాలుగు పొడవాటి బల్లల్ని చూసి ముచ్చటపడతారు. వాటిమీద ఒక్క పుస్తకం ఉండదు. కుర్చీలన్నీ లోపలికి తోసి, ఒకే వరసలో ఉంటాయి. పదకొండేళ్లుగా ఆ గదికి సహాయకురాలిగా ఉన్న ఆవిడ చేతి పని అది. ఎవరైనా చదవడం ఆపి లేచారంటే, వాళ్లు గుమ్మం దాటేలోగా ఆ పుస్తకం అరలో తన చోటికి చేరిపోతుంది. అందుకే ఆమెను అందరూ సర్దుడక్క అంటారు. ఆ పేరు వింటే ఆమె మొహం వెలిగేది.

అంత శుభ్రంగా ఉండే ఆ బల్లలే గ్రంథాలయం మూతపడడానికి కారణమవుతున్నాయని ఆమెకు తెలియదు. తెలిసిన మరో మనిషి కూడా లేడు.

ఆ గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పుస్తకం ఇంటికి తీసుకెళ్లరు. తీసుకెళ్లాలంటే కార్డు కావాలి. కార్డు ఇవ్వాలంటే ఇంటి చిరునామాకు రుజువు చూపాలి. పని చేసే చోటే ఓ మూల పక్క పరుచుకునేవాళ్లు, ఏడాదికి మూడు గదులు మారేవాళ్లు ఏ రుజువు తెస్తారు? పని మధ్యలో అరగంట దొరికితే వచ్చి నాలుగు పేజీలు చదువుకుని వెళ్లిపోతారు. అలాంటివాళ్ల కోసం సర్దుడక్క తనకు తోచిన పద్ధతి ఒకటి పెట్టుకుంది. వాళ్లు ఆపిన పేజీలో ఒక సన్నని చీటీ ఉంచి పుస్తకాన్ని అరలో పెడుతుంది. చీటీమీద ఆ రోజు తేదీ వేసి, పక్కన చిన్న బొమ్మ గీస్తుంది. టైలరమ్మకు కత్తెర, ఆస్పత్రి ఆయమ్మకు అరచెయ్యి, ఒకప్పుడు లారీ నడిపిన పెద్దాయనకు చక్రం. పుస్తకం పూర్తయిన రోజు చదివినవాళ్లు ఆ చీటీ తెచ్చి ఆమె చేతిలో పెడతారు. ఆమె దాన్ని రేకు డబ్బాలో వేసుకుంటుంది.

ఆ చీటీలు తయారయ్యేది సర్దుడక్క ఇంట్లో. పాత క్యాలెండరు కాగితాల్ని కోడలు వంటింటి గట్టుమీద కత్తిరిస్తుంటే అత్తగారు చూసి ఊరుకునే రకం కాదు.

"చదివేది వాళ్లు, కాగితాలు కత్తిరించేది నువ్వు. దీనివల్ల నీకేం ఒరుగుతుందే?"

"వాళ్లు ఆపిన చోటు పోకుండా ఉంటుంది అత్తయ్యా."

"ఊళ్లోవాళ్ల చోట్లన్నీ నీకు తెలుసు. నా కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో మాత్రం చెప్పవు."

"మీ నెత్తిమీదే ఉన్నాయి."

అత్తగారు తడుముకుని చూసుకుంది. "ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా!" అంటూ కసురుకుంది.

ఒక సోమవారం పొద్దున్న ప్రధాన గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. శాఖ గ్రంథపాలకుడు దాన్ని రెండుసార్లు చదివి సర్దుడక్కను పిలిచాడు. ఆయన ఏడాది కిందటే బదిలీమీద వచ్చిన మనిషి. పగలంతా గోడకు అవతల, కార్డులున్నవాళ్లకు పుస్తకాలిచ్చే చోట కూర్చుంటాడు. నిబంధన ఎలా ఉంటే అలా నడుచుకోవడం ఆయన స్వభావం.

"మన శాఖ మూసేస్తారటమ్మా. సభ్యులు తక్కువట. గదిలో ఒక్క పుస్తకం కూడా ఎవరూ చదవడం లేదట. ఇంత తక్కువ వాడకానికి భవనం దండగ అంటున్నారు. పది రోజుల్లో తనిఖీకి వస్తారు."

సర్దుడక్క తెల్లబోయింది. "ఒక్కటి కూడా చదవకపోవడం ఏమిటి సార్? నిన్న నా చేత్తో నేను సర్దినవే ముప్పై దాకా ఉంటాయి."

"ఎప్పుడు సర్దావు?"

"ఎవరు లేస్తే అప్పుడే."

ఆయన రిజిస్టరు తెరిచి ఆమె వైపు తిప్పాడు. "గదిలో ఎన్ని పుస్తకాలు చదివారో ఎలా రాస్తామో తెలుసా? మూసే ముందు బల్లలమీద మిగిలిన పుస్తకాలు లెక్కపెట్టి రాస్తాం. నేను రోజూ ఆరింటికి వచ్చి చూస్తాను. బల్లలు ఖాళీగా ఉంటాయి. వచ్చేవాళ్లంతా పేపర్లు చూసి, ఫ్యాను కింద కూర్చుని పోతున్నారనుకున్నాను."

పేజీ నిండా 'లేవు', 'లేవు' అని గుండ్రని అక్షరాలతో రాసి ఉంది. ఆయనకు ముందు పనిచేసినవాళ్ల పేజీల్లోనూ అదే మాట. పదకొండేళ్లుగా తాను గర్వపడిన పనే ఆ మాట రాయించిందని అర్థమయ్యేసరికి సర్దుడక్క పక్కనున్న స్టూలుమీద కూలబడింది.

"నా చేతులతో నేనే మూయించాను సార్."

"నువ్వొక్కదానివే కాదమ్మా. గోడ దాటి ఒక్కసారి పగటిపూట తొంగిచూడని నేను కూడా. ఇవాళ్టి నుంచి ఒక్క పుస్తకం ముట్టుకోకు."

ముట్టుకోకుండా ఉండడం ఆమెకు పెద్ద శిక్ష అయింది. బల్లమీద పుస్తకం తెరిచి పడి ఉంటే చెయ్యి దానంతటదే ముందుకు పోయేది. చీర కొంగు పట్టుకుని నిలబడేది. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఆమె సర్దకపోతే చదివినవాళ్లే మర్యాదకు పుస్తకాలు తీసుకెళ్లి అరల్లో పెట్టడం మొదలెట్టారు.

"పెట్టకండి! అక్కడే వదిలెయ్యండి!"

లారీ పెద్దాయన ఆగి ఎగాదిగా చూశాడు. "సర్దుడక్కా, ఒంట్లో బాగాలేదా? పదకొండేళ్లు మాకు నేర్పావు. ఇప్పుడు వద్దంటే చేతులు ఊరుకుంటాయా?"

ఆమె ఉన్న సంగతి చెప్పింది. చేతుల్లో పుస్తకాలున్నవాళ్లు వాటిని మళ్లీ బల్లలమీద పెట్టేశారు. టైలరమ్మ గొణిగింది: "ఇది పోతే నేనెక్కడ కూర్చుని చదవాలి? కుట్టు మిషనుమీదా?"

పదో రోజుకు లెక్క మూడు వందలు దాటింది. తనిఖీకి వచ్చిన అధికారిణి ఆ పేజీ చూసి పెదవి విరిచింది. ఆవిడ అంతకుముందే రెండు శాఖలు మూయించింది. కఠినురాలు కాదు, కానీ కంటికి కనపడనిది నమ్మదు.

"ఏళ్ల తరబడి ఒక్కటీ లేదు. ఉత్తరం అందాక రోజుకు ముప్పై. నన్ను నమ్మమంటారా?"

 తలుపు పక్కన నిలబడ్డ సర్దుడక్క ముందుకొచ్చింది.

"మేడమ్, మీకు నచ్చిన అర దగ్గరికి వెళ్లండి. మీకు నచ్చిన పుస్తకం తీయండి."

అధికారిణి ఒక లావుపాటి దేశాల పటాల పుస్తకం తీసింది. మధ్యలో చీటీ. దానిమీద చక్రం బొమ్మ, నాలుగు నెలల కిందటి తేదీ. మరో అరలోంచి మనిషి శరీరం గురించిన పుస్తకం తీసింది. చీటీమీద అరచెయ్యి. తేదీ కిందటి ఏడాదిది.

"ఇది సగంలో ఆగిపోయిందే?"

"ఆయమ్మకు వేరే ఊళ్లో పని దొరికింది మేడమ్. ఎప్పటికైనా వస్తుందేమోనని చీటీ తీయలేదు."

మూడో పుస్తకంలో ఏమీ లేదు.

"దీన్ని ఎవరూ చదవలేదు మేడమ్" అంది సర్దుడక్క సూటిగా.

ఆ మాట విన్నాక అధికారిణి ఆమెను మొదటిసారి పరీక్షగా చూసింది. తరవాత అరగంట అరలమీద అరలు తిరిగింది. కత్తెరలు, చక్రాలు, నిచ్చెనలు, గరిటెలు, తాళంచెవులు. ప్రతి బొమ్మ వెనకా ఒక మనిషి, ప్రతి చీటీమీదా ఒక రోజు. చివరికి సర్దుడక్క బీరువా కింది నుంచి మూడు రేకు డబ్బాలు లాగి మూతలు తీసింది. అన్నీ పూర్తయిన పుస్తకాల చీటీలే.

"ఇవెందుకు దాచావు?"

"ఒక మనిషి ఒక పుస్తకం చివరిదాకా చదివిన గుర్తు కదా మేడమ్. చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు."

అధికారిణి డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు చీటీలు పైకి తీసింది. "ఇంతమంది చదువుతుంటే వీళ్లకు కార్డులెందుకు లేవు?"

జవాబు బల్ల దగ్గర చదువుకుంటున్న లారీ పెద్దాయన ఇచ్చాడు. "అమ్మా, నలభై ఏళ్లు లారీలోనే పడుకున్నాను. చిరునామా అని బండి నంబరు రాయమంటారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అధికారిణి నవ్వలేదు. డబ్బాలు మూడూ తన కారులో పెట్టించుకుని వెళ్లిపోయింది.

ఇరవై రోజులకు మళ్లీ ఉత్తరం వచ్చింది. శాఖ మూయడం లేదు. ఇకమీదట పని ఇచ్చినవాళ్లు గానీ, ఒక పాత సభ్యుడు గానీ సంతకం చేస్తే నగరంలోని ఏ శాఖలోనైనా కార్డు ఇస్తారు. గదిలో చదివేవాళ్లకు చీటీ పెట్టే పద్ధతి అన్ని శాఖల్లోనూ మొదలవుతుంది. కొత్త కార్డులు పంచడానికి అధికారిణి స్వయంగా వచ్చింది. ఆ రోజు గదిలో కుర్చీలు చాలలేదు. వెనక వరసలో సర్దుడక్క అత్తగారు కూడా ఉంది.

అధికారిణి తన చేతిలోని రేకు డబ్బాను బల్లమీద పెట్టి ఇలా అంది: "చిరునామా లేదని మనం పక్కన పెట్టినవాళ్లు ఈ నగరంలో అందరికంటే శ్రద్ధగా చదివారు. వాళ్లు అలికిడి లేకుండా వచ్చారు, అలికిడి లేకుండా వెళ్లారు. ఎవరూ రావడం లేదని మేం తేల్చేశాం. అందరి సొత్తును వాడుకునేవాళ్లు వాడుకుంటున్నామని చెప్పుకోవాలి. అందులో సిగ్గు లేదు, మొహమాటం అక్కర్లేదు. అది మీ హక్కు. మీరు చెప్పకపోయినా మీరు చదివిన గుర్తు దాచి ఉంచిన మనిషి ఈ గదిలో ఉంది కాబట్టి ఈ తలుపు ఇవాళ తెరిచి ఉంది."

అందరి తలలూ సర్దుడక్క వైపు తిరిగాయి. అత్తగారు పక్కనున్న టైలరమ్మను మోచేత్తో పొడిచింది. "మా కోడలు. ఆ కాగితాలన్నీ మా వంటింట్లో కత్తిరించినవే. నాకు ముందే తెలుసు."

జనం పలచబడ్డాక ఆవిడ పెద్ద అక్షరాల కథల పుస్తకం ఒకటి తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. చదువుకున్న నాలుగు తరగతులనూ ముప్పై ఏళ్ల కిందటే మరిచిపోయానని ఇంట్లో చెబుతుండే మనిషి. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, గంటలో రెండు పేజీలు చదివింది.

"ఏమే, నాకేం బొమ్మ గీస్తావు?"

"కళ్లద్దాలు, అత్తయ్యా."

అత్తగారు నెత్తి తడుముకుని, కళ్లద్దాలు ముక్కుమీదే ఉన్నాయని గుర్తొచ్చి నవ్వేసింది. లేచి, పుస్తకం తీసుకుని అర వైపు నడవబోయి ఆగింది. వెనక్కి వచ్చి దాన్ని బల్లమీద పెట్టింది. సర్దుడక్క చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్లి, ఆగిపోయింది. ఆరు గంటలకు గ్రంథపాలకుడు వచ్చి బల్లలమీది పుస్తకాలు లెక్కపెట్టాడు. ఆ పెద్ద అక్షరాల పుస్తకంతో కలిపి నలభై ఏడు.

మీ వీధిలోనూ ఒక గ్రంథాలయం ఉండే ఉంటుంది. వెళ్లండి, చదవండి, మీరు చదివిన పుస్తకాన్ని నలుగురికీ కనపడేలా బల్లమీదే వదిలి రండి.