లారీ దిగని బస్తా

ఆదివారం సాయంత్రం అయిదింటికి సామాను లారీ కొత్త ఇంటి గేటు ముందు ఆగింది. ఆరింటి దాకా అందులోంచి చెంచా కూడా దిగలేదు. కుక్క దిగనివ్వలేదు.

కుక్క పేరు బస్తా. పిల్లగా ఉన్నప్పుడు వేరే పేరు ఉండేది. ఎత్తబోతే ఒళ్ళు వదిలేసి, నేలకు అంటుకుపోయి, ఇద్దరు పట్టినా లేవకుండా ఉండే అలవాటు వచ్చాక అత్తగారు ఈ పేరు పెట్టింది. ఇంట్లో అది తన మాట ఒక్కటే వింటుందని ఆవిడ అంటుంది. వినగా ఎవరూ చూడలేదు.

ఇల్లు మారింది కోడలి ఉద్యోగం కోసం. ఆమె రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తుంది. డబ్బాల్లో నింపే ముందు రంగును పరీక్షించడం ఆమె పని. సోమవారం పొద్దున కొత్త ఊళ్ళో చేరాలి. ఉద్యోగం దొరికినంత తేలిగ్గా ఇల్లు దొరకలేదు. కుక్క అనే మాట వినగానే ఇళ్ళవాళ్ళు తలుపులు వేసుకున్నారు. ఒప్పుకున్నది ఒక్కావిడే. పై వాటాలో ఒక్కతే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని పనిచేసి రిటైరైంది. చప్పుడంటే పడదు.

"కుక్క ఉంటే ఉండనివ్వండి. నా ఇంట్లో మొరిగిందంటే మాత్రం ఆ రోజే లారీ పిలిపించుకోవాలి," అని ముందే చెప్పింది.

"మా కుక్క మొరగదండీ," అన్నాడు కోడలి భర్త.

అది అబద్ధం కాదు. ఇంటికి ఎవరొచ్చినా బస్తా వాసన చూస్తుంది, తోక ఊపుతుంది, వెళ్ళి సోఫా ఎక్కి పడుకుంటుంది. దాని గొంతు ఎలా ఉంటుందో పాత ఇంటి పక్కవాళ్ళకు తెలియదు.

ఆ పొద్దున సామాను ఎక్కించేటప్పుడు దాన్ని గేటుకు కట్టేశారు. ఎక్కించే మేస్త్రీకి ఒక పద్ధతి ఉంది. అందరిలా బరువువి కింద, తేలికవి పైన అని సర్దడు. ఇల్లు ఎలా ఉందో లారీ అలా ఉండాలంటాడు. లోపలి చివర పడకగది, దాని ముందు వంటగది, తలుపు దగ్గర హాలు.

"దింపేటప్పుడు మీరే మెచ్చుకుంటారు చూడండి. ఇది ఏ గదిదీ అని ఎవర్నీ అడగక్కర్లేదు," అన్నాడు.

సోఫాను తలుపు వైపు తిప్పి పెట్టాడు. దాని ముందు టీపాయ్, ఎడమ పక్కన టీవీ బల్ల. గీతలు పడకుండా కింద హాల్లోని తివాచీయే పరిచాడు. ఇదంతా గేటు దగ్గర్నుంచి బస్తా చూసింది.

బయల్దేరే ముందు దాన్ని విప్పారు. అది ఇంట్లోకి పరిగెత్తి అన్ని గదులూ తిరిగింది. వంటగదిలో ఫ్రిజ్ ఉండే చోట కాసేపు నిలబడింది. బయటికొచ్చి, కారు తలుపు తెరిచి పట్టుకున్న భర్తను దాటి, లారీ ఎక్కి సోఫా మీద పడుకుంది.

"దిగరా నాయనా, కారెక్కు," అన్నాడు భర్త.

దిగలేదు. నలుగురు ఎత్తబోతే పేరు నిలబెట్టుకుంది.

"పోనీండి సార్. లారీ తలుపు ఒక రెక్క తెరిచి తాళ్ళ జాలీ కట్టేస్తా, గాలాడుతుంది," అన్నాడు డ్రైవరు.

అలా డ్రైవరూ మేస్త్రీ ముందు లారీలో, మిగతావాళ్ళు వెనక కారులో బయల్దేరారు. టోల్‌గేటు దగ్గర ఒకతను జాలీలోంచి తొంగి చూశాడు.

"లోపల ఎవరుంటున్నారు?"

"ఎవరూ లేరండీ, సామాను," అన్నాడు డ్రైవరు.

"సామాను సోఫాలో కూర్చుని నన్ను చూస్తోందేంటి?"

మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర ఆగారు. డ్రైవరు తన భోజనం క్యారేజీని పొద్దున టీపాయ్ మీద పెట్టాడు. దానికోసం జాలీ తీసి లారీ ఎక్కాడు. బస్తా తోక ఊపింది, చేయి నాకింది. అతను క్యారేజీ తీసుకుని వెనక్కి తిరిగాడు. బస్తా లేచి మొరిగింది. పెట్టేశాడు. తోక ఊపింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ మొరిగింది.

"అమ్మా, నా భోజనం నన్ను తిననివ్వడం లేదు!"

"నీదని దానికేం తెలుసు? మా ఇంటికొచ్చి గిన్నె పట్టుకుపోతానంటే నేనైనా ఊరుకుంటానా?" అంది అత్తగారు కారులోంచి.

కోడలు లారీ ఎక్కి క్యారేజీ తీసింది. బస్తా ఆమె మీదా మొరిగింది. రోజూ తనకు తిండి పెట్టే చేతిని చూసి అది మొరగడం అదే మొదలు. కోడలు క్యారేజీ కింద పెట్టి దాని ముఖంలోకి చూసింది. కోపం లేదు. తోక ఊపుతోంది.

"అక్కడే కూర్చుని తినెయ్యవయ్యా," అంది అత్తగారు.

డ్రైవరు సోఫాలో బస్తా పక్కన కూర్చుని, తీగ తగిలించని టీవీ ముందు భోంచేశాడు. టీ కొట్టుకొచ్చినవాళ్ళు గ్లాసులతో వచ్చి నిలబడి చూశారు.

కొత్త ఇంటి ముందు లారీ ఆగగానే మేస్త్రీ ఎక్కి టీపాయ్ అందుకున్నాడు. బస్తా మొరిగింది. రేకుల లారీ కావడంతో ఆ మొరుగు వీధి చివరిదాకా వినిపించింది. పైన కిటికీ తెరుచుకుంది.

"ఏవిటది? కుక్కేనా?" అంది ఇంటావిడ.

"అవునండీ. లారీలోదండీ," అన్నాడు భర్త.

"లారీవాళ్ళదా?"

డ్రైవరు కోడలి ముఖం చూశాడు. "నాదేనమ్మా. కాపలాకి," అన్నాడు.

"మరి మీ కుక్కేది?"

"వెనకాల వస్తోందండీ," అన్నాడు భర్త.

"ఒంటరిగానా?"

కిటికీ మూతపడలేదు.

ఈ ఇల్లు పోతే పొద్దున ఉద్యోగంలో చేరేది ఏ ఇంట్లోంచో కోడలికి తెలియదు. బిస్కెట్ ఆశ చూపి భర్త బస్తాను లోపలికి తీసుకెళ్ళి బాత్రూములో పెట్టి గడియ వేశాడు. అది గొంతెత్తి ఏడుపు అందుకోబోయింది. ఏడుపు పైకి చేరకముందే కోడలు గడియ తీసేసింది. అది వచ్చిన దారినే లారీలోకి పోయింది. రెండోసారి బిస్కెట్ వైపు చూడలేదు.

"డ్రైవరు కుక్కకి మీ బాత్రూమెందుకూ?" అంది కిటికీ.

"కాళ్ళు కడుక్కుంటానందమ్మా!" అంది అత్తగారు.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "చీకటి పడేలోపు లారీ ఖాళీ చేయాలమ్మా. ఏదో ఒకటి చూడండి."

కోడలు చూడటమే మొదలుపెట్టింది. ల్యాబులో రంగు పాలలా విరిగితే ఆమె అన్నీ ఒకేసారి మార్చదు. ఒక్కోటీ మార్చి చూస్తుంది. ఇక్కడా అదే చేసింది. ఉత్తచేతులతో లారీ ఎక్కింది. బస్తా తోక ఊపింది. ఉత్తచేతులతో దిగింది. ఊరుకుంది. ఒక దిండు తీసుకుంది. గుర్రుమంది. దిండు పెట్టేసి, కారులోంచి తన సంచీ తెచ్చి లారీలో పెట్టింది. తోక ఊపింది. అదే సంచీ బయటికి తీసుకెళ్ళబోయింది. గుర్రుమంది.

"ఏంటమ్మాయ్, దింపమంటే ఎక్కిస్తున్నావు?" అంది అత్తగారు.

కోడలు సోఫాలో బస్తా పక్కన కూర్చుంది. అది చూసే వైపు చూసింది. ఎడమ పక్కన టీవీ. ముందు టీపాయ్. కాళ్ళ కింద తివాచీ. వెనక్కి తిరిగితే ఫ్రిజ్, ఆ వెనక మంచం. పాత ఇంట్లో కూర్చున్నట్టే ఉంది. ఎదురుగా మాత్రం వేరే వీధి ఉంది.

"మేస్త్రీ గారూ, మీరు ఇల్లు మరీ బాగా సర్దారండీ," అంది.

"అదేగా నేను చెప్పింది!"

"అంటే ఇదే ఇల్లనుకుంటోందా, వెర్రిమొహం?" అంది అత్తగారు.

"అనుకోవడమేంటత్తయ్యా? పొద్దున పాత ఇంట్లోకెళ్ళి చూసొచ్చింది కదా. అక్కడ ఏమీ లేదు. అన్నీ ఇక్కడున్నాయి. ఇంట్లోంచి వస్తువులు పట్టుకుపోతుంటే మొరుగుతోంది. మనం పట్టుకుపోయినా సరే."

"అయితే రాత్రికి మనమూ ఇందులోనే పడుకుందామంటావా?"

"ఒకటి చూడలేదు," అంది కోడలు. లేచి నిలబడి, భర్తనూ మేస్త్రీనీ డ్రైవరునూ పిలిచింది. "సోఫా దింపండి. దాంతో సహా."

"కుక్కతోనా? నా సర్వీసులో లేదమ్మా ఇలాంటిది," అన్నాడు మేస్త్రీ.

నలుగురూ నాలుగు మూలలు పట్టారు. సోఫా లేవగానే బస్తా లేచి నిలబడింది. అటూ ఇటూ చూసింది. సోఫా లారీ అంచు దాటి, పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. బస్తా పడుకుని, సోఫా చేతి మీద గడ్డం ఆనించింది. మొరగలేదు. సోఫా గేటు దాటి వసారా మెట్లెక్కింది.

"డ్రైవరు కుక్కకి ఊరేగింపేంటయ్యా?" అంది ఇంటావిడ పైనుంచి.

కిటికీ మూసిన చప్పుడు వినిపించింది.

సోఫాను హాల్లో తలుపు వైపు తిప్పి పెట్టారు. కోడలు బస్తా పక్కనే కూర్చుంది. డ్రైవరు మొదట లారీలోకి పరిగెత్తి తన క్యారేజీని తీసుకుని ముందు సీటు కింద పెట్టుకున్నాడు. తర్వాత మేస్త్రీ టీపాయ్‌ని గుమ్మం దాకా తెచ్చి ఆగాడు. కోడలు తల ఊపింది. అతను గుమ్మం దాటాడు.

బస్తా దిగి టీపాయ్ వాసన చూసింది. తోక ఊపింది.

ఆ తర్వాత మేస్త్రీ ఆగలేదు. టీవీ బల్ల వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, మంచం వచ్చింది. వచ్చిన ప్రతిదాన్నీ బస్తా గుమ్మం దగ్గర వాసన చూసి లోపలికి పంపింది. బయటికి తీసుకెళ్ళినప్పుడు దొంగైన మేస్త్రీ, లోపలికి తెచ్చేసరికి చుట్టమైపోయాడు.

ఈలోగా ఇంటావిడ ఒక స్టూలు పట్టుకుని కిందికి దిగింది. గేటు పక్కన వేసుకుని కూర్చుంది. హాల్లో బల్బు బిగించడానికి భర్తకు ఎత్తు చాలలేదు. బయటికొచ్చి స్టూలు అడిగాడు. ఇచ్చి, అతని వెనకే లోపలికి వచ్చింది. బస్తా ఆమె చేతులు వాసన చూసి తోక ఊపింది. భర్త స్టూలు ఎక్కి బల్బు పట్టుకున్నాడు. కానీ బిగించలేదు.

"అది మాదేనండీ," అన్నాడు.

"తెలుసు. ఉద్యోగమంతా గొంతులు వింటూ గడిపినదాన్ని. మీరు అబద్ధమాడితే గొంతు సన్నబడుతుంది."

"క్షమించండి."

"ఇందాక మొరిగింది."

"అది లారీలోనండీ. మీ ఇంట్లో కాదు కదా," అంది అత్తగారు.

"ఇంట్లో ఏం చేస్తుందో చూద్దాం," అని ఇంటావిడ సోఫాలో కూర్చుంది. బస్తా ఎక్కి రెండో చివర పడుకుంది. బల్బు వెలిగింది. భర్త స్టూలు దిగాడు. మంచినీళ్ళిస్తే ఇంటావిడ తాగింది. లేచింది. స్టూలు చేత్తో పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

బస్తా సోఫా దిగింది.

"స్టూలు అక్కడ పెట్టెయ్యండి!" అందామనుకుంది కోడలు.

ఆ లోపే బస్తా స్టూలు కాలు నోట కరిచింది. ఇంటావిడ లాగింది. బస్తా కూడా లాగింది. నోట్లో స్టూలు కాలు ఉండటంతో మొరగడం కుదరలేదు.

"ఇది నాదే," అని ఇంటావిడ దానితో చెప్పింది.

బస్తా నేలకు అంటుకుపోయింది. కాలు వదల్లేదు. ఇంటావిడ ఇంకోసారి లాగి చూసి, స్టూలు వదిలేసింది. బస్తా కూడా వదిలేసి, తోక ఊపింది.

"ఏవండీ, మీరు దాని తల్లా?" అని ఇంటావిడ అత్తగారిని అడిగింది.

"పెంచినదాన్నండీ."

"పెంకితనం మీ దగ్గరే నేర్చుకుందా?"

"నా మాట ఒక్కటే వింటుందండీ," అంది అత్తగారు.

ఇంటావిడ కోడలి వైపు తిరిగింది. "రేపు డ్యూటీ ఎన్నింటికి?"

"ఎనిమిదికండీ."

"ఆరింటికి నీళ్ళ మోటారు వేస్తాను. బకెట్లు నింపి పెట్టుకోండి. గేటు తాళంచెవి ఇదిగో."

లారీ చీకటి పడుతుండగా వెళ్ళిపోయింది. ఇంటావిడ ఉత్తచేతులతో మెట్లెక్కింది. స్టూలు కింది వాటాలోనే ఉంది.