గలీబులో వచ్చిన బొమ్మ

పొద్దున్నే అక్క షట్టరు ఎత్తేది, చెల్లెలు చీపురు పట్టేది. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, చేతులు కడుక్కున్నాక చెల్లెలు అద్దాల బీరువా తెరిచి ఒక్కో బొమ్మనీ తీసి చెంపకి ఆనించుకునేది. వెచ్చగా ఉంటే మళ్ళీ బీరువాలోనే కూర్చోబెట్టేది. చల్లగా తగిలితే గౌను సర్ది, జుట్టు దువ్వి, తలుపు పక్కనున్న బుట్టలో పెట్టేది. అక్క చూసీ చూడనట్టు చూసి ధర చీటీ మార్చేది. ఎక్కడో ఎవరో పోయారన్నమాట. ఎవరన్నది వీళ్ళకి తెలీదు. కాసేపు ఇద్దరూ గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్ళు కాదు, అంతే.

పాత బొమ్మల వ్యాపారం చేసేవాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. చిన్నప్పుడు ఎవరైనా ప్రాణంగా చూసుకున్న బొమ్మ, ఆ మనిషి బతికున్నంతకాలం వెచ్చగా ఉంటుంది. మనిషికి జరిగింది బొమ్మకి రాదు గానీ, బొమ్మకి జరిగింది మనిషికి వస్తుంది. అందుకే బుట్టలోవాటిని కొనుక్కున్నవాళ్ళు ఎలాగైనా మార్చుకోవచ్చు. స్పిరిట్‌తో ముఖం తుడిచి కొత్త ముఖం వేసుకోవచ్చు. ఉప్పు కాగితంతో ముక్కు అరగదీయొచ్చు. జుట్టు పీకి వేరే జుట్టు కుట్టుకోవచ్చు. బీరువాలోవి మాత్రం చూసుకోవడానికే.

ఆ కట్టడి చూడాల్సింది అమ్మేవాళ్ళా, కొనేవాళ్ళా అన్నది అక్కచెల్లెళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగువు.

చెల్లెలు నోట్లో నాలుక లేని మనిషి. ఎదుటివాళ్ళ ముఖం చూసి మాట్లాడాలంటే చెమటలు పట్టేవి. అలాంటిది, బీరువాలో బొమ్మని ఎవరైనా వేలితో చూపిస్తే చాలు, కౌంటరు మీది గీతలు చూస్తూనే అడిగేసేది, తీసుకెళ్ళి ఏం చేస్తారండీ అని. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు మీకెందుకమ్మా అని మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

"కత్తులమ్మేవాడు ఏం కోస్తారని అడుగుతాడా?" అనేది అక్క. "అమ్మేదాకా మనది. అమ్మాక వాళ్ళది. కోసుకుంటారో కొరుక్కుంటారో మనకెందుకే?"

చెల్లెలు ఎదురు చెప్పేది కాదు, అడగడం మానేదీ కాదు. ఒకసారి ఆమె జ్వరంతో పడుకుంటే, అక్క ఏమీ అడక్కుండా బీరువాలో బొమ్మనొకదాన్ని అమ్మేసింది. కొన్నావిడ దానికి మగపిల్లాడి క్రాఫు కొట్టించింది. కొన్నాళ్ళకి ఎక్కడినుంచో ఒక టీచరమ్మ తలకి గుడ్డ కట్టుకుని వచ్చి, కొట్టు ముందు నిలబడి అక్కని దులిపేసింది. అక్క ఆవిడకి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, పోనీలెండి నూనె ఖర్చు తగ్గిందనుకోండి అందట. ఆ మాటకి ఇంకాసేపు తిట్లు తింది.

ఇంకో సంగతి కూడా ఆ వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఒకాయన, ఎప్పుడూ ముఖం ముడుచుకుని తిరిగే కొడుకుతో విసిగిపోయి, వాడి చిన్నప్పటి బొమ్మకి నవ్వు వేయించాడు. కొడుకు నవ్వాడు. తండ్రి శవం పక్కన కూడా అలాగే నవ్వుతూ నిలబడ్డాడు. బుగ్గల మీద కారుతున్న నీళ్ళు చూసినవాళ్ళకే వాడు ఏడుస్తున్నాడని తెలిసింది.

బుట్టలో బొమ్మల్ని ఎక్కువగా కొనేది రంగులావిడ. పెద్ద సంచీ వేసుకుని వచ్చేది, చల్లనివి ఏరుకుని వెళ్ళి, ముఖాలు తుడిచి కొత్తగా వేసి అమ్ముకునేది. మంచి పనిమంతురాలు. వెచ్చనివి ముట్టుకునేది కాదు. ఆ మధ్య అందరికీ నిద్రపోతున్న బొమ్మల మీద మోజు పుట్టింది. రంగులావిడ వేసే నిద్ర ఇంకెవరికీ చేతకాలేదు. రెప్పలు గీయడం ఎవరికైనా వచ్చు, నిద్ర వేయాలంటే నుదుటి దగ్గర మొదలుపెట్టాలి అనేది ఆవిడ.

ఒక మధ్యాహ్నం వీధి చివర ఇస్త్రీ కొట్టులో పనిచేసే ఆవిడ బొమ్మనొకదాన్ని దిండు గలీబులో చుట్టి తెచ్చింది. పింగాణీ ముఖం, గుడ్డ ఒళ్ళు, ఒక బూటు లేదు. దూరపు చుట్టం బొమ్మ అనీ, ఆమె పోయి చాలాకాలమైందనీ చెప్పింది. చెల్లెలు వెనక గదిలో గౌన్లు ఉతుకుతోంది. అక్క బొమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. మంచుగడ్డలా ఉంది. ఇంకేం, పుచ్చుకుంది. ఇస్త్రీ ఆవిడ వెళ్ళబోతూ, దీన్ని రంగులావిడకే ఇవ్వండి, కళ్ళు మూసి అమ్ముతుందట కదా అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

మర్నాడు పొద్దున చెల్లెలు కొత్తగా వచ్చిన బొమ్మ కదా అని తుడవడానికి తీసింది. అలవాటుగా చెంపకి ఆనించుకుంది. తీసి, మళ్ళీ ఆనించుకుంది. అప్పుడే అన్నం తిని వచ్చిన పిల్ల బుగ్గలా వెచ్చగా ఉంది. గలీబు వాసన చూసింది. ఫ్రిజ్ వాసన.

అక్కకి చెప్తే, ఎండ తగిలుంటుందిలే అంది. బుట్ట మీద ఎండెక్కడిదక్కా అంటే, పోయినవాళ్ళదని ఇస్త్రీ ఆవిడ చెప్పింది, నేను రాసుకున్నాను, మధ్యాహ్నం రంగులావిడ వస్తోంది, ఇప్పుడు లేనిపోని పేచీలు పెట్టకు అంది. చెల్లెలు బొమ్మని బుట్టలో పెట్టలేదు. కొంగు కింద పెట్టుకుని వీధి చివరకి నడిచింది.

ఇస్త్రీ కొట్టులో ఆవిరి. ఇస్త్రీ ఆవిడ ఆమె కొంగు కింద ఎత్తుగా ఉండటం చూసి, ఏమీ అడక్కుండా, చేతిలో చొక్కా కాలరు పూర్తిచేసింది. తర్వాత, అడిగితే అంత తేలిగ్గా చెప్పేది కాదేమో, అడక్కపోయేసరికి తనే చెప్పింది. బొమ్మ తన కూతురిది. కూతురు పెద్ద పెద్ద భవనాలకి వేలాడుతూ అద్దాలు తుడిచేది. తాడు తెగింది. మెడ కింద ఒళ్ళు పనిచేయదు, నొప్పి మాత్రం పనిచేస్తుంది. నిద్ర పట్టదు. మందులు మొదట్లో వినేవి, ఇప్పుడు వినట్లేదు. పిల్ల పళ్ళు బిగబట్టుకుని కప్పుకేసి చూస్తూ ఉంటుంది. తను పక్కన కూర్చుని పిల్లకేసి చూస్తూ ఉంటుంది.

చెల్లెలు నెమ్మదిగా అంది, "మూసిన కళ్ళు మళ్ళీ తెరవడం ఎవరికీ రాదు."

"తెలుసు."

"పోనీ నడుం బాగుచేయించడానికి..."

"బొమ్మ నడుం బాగానే ఉంది కదమ్మా. అక్కడ బాగుచేయడానికి ఏముంది?" ఇస్త్రీ ఆవిడ ఇంకో చొక్కా పరిచింది. "నీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అయితే ఇంటికెళ్ళు."

చెల్లెలు వెళ్ళలేదు. నేల చూస్తూ నిలబడి, ఆ అమ్మాయికి తెలుసా అని అడిగింది. ఇస్త్రీ ఆవిడ చెయ్యి ఆగింది. చొక్కా కాలిన వాసన వచ్చేదాకా ఆగింది. పెట్టె పక్కన పెట్టి, నడుముకున్న తాళంచెవి తీసి చెల్లెలి చేతిలో పెట్టింది.

"నాకు నోరు రాలేదు. నువ్వే అడుగు," అంది.

ఇల్లంటే ఒకటే గది. మంచం, మంచం పక్కన ఫ్రిజ్, ఫ్రిజ్ మీద మందులు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పిల్ల మీదే కప్పి ఉన్నాయి.

"బొమ్మల కొట్టు పిన్నివా?" అంది కూతురు తల తిప్పకుండా. ఆ తల తిరగదు. "మొన్నంతా ఒకటే చలి. ఎన్ని కప్పినా వణుకే. అమ్మ బొమ్మని ఫ్రిజ్‌లో పెట్టింది కదూ?"

చెల్లెలు తలూపింది. ఊపితే ఆమెకి కనిపించదని గుర్తొచ్చి, అవునమ్మా అంది.

"పాలగిన్నె పక్కన పెట్టి ఉంటుంది. తలుపు తీసేది, గొణుక్కునేది, మూసేది. నాకు అన్నీ వినిపిస్తాయి పిన్నీ. ఇంకేం పని?"

చెల్లెలు మంచం దగ్గరికి జరిగి, ఆమె ముఖంమీదికి వంగింది. నుదుటి మీద ముడతలు చాకుతో గీసినట్టున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషి ముఖంలోకి సూటిగా చూసి చెల్లెలు ప్రశ్న అడగడం అదే మొదలు. నవ్వు వేయించిన కొడుకు సంగతి చెప్పింది. కళ్ళు మూసినా లోపల నొప్పి ఉండిపోతే ఎలాగని అడిగింది. ఒకసారి అయ్యాక వద్దంటే కుదరదని చెప్పింది.

"నీకు కావాలా, వద్దా?"

కూతురు కప్పుకేసే చూసింది. బయట ఎవరో బండికి తాళం వేసుకుని వెళ్ళారు.

"కావాలి," అంది. "ఇంతకంటే ఏముంటుంది పిన్నీ లోపల? ఉంటే ఉండనీ. కానీ అమ్మ అడిగి ఉంటే చెప్పేదాన్ని కాదు. తన ముఖం చూస్తూ ఎలా చెప్తాను?"

"మరి ఇప్పుడు..."

"నేను వద్దన్నానని చెప్పు. బొమ్మ తిరిగి ఇచ్చేస్తానని చెప్పు. తర్వాత పొరపాటున అమ్ముడైపోయిందను." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "తిడితే మిమ్మల్ని తిడుతుంది. కొట్టు తగలబెడతానంటుంది. పెట్టదులే. తనని తను తిట్టుకుంటే మాత్రం అమ్మ బతకదు పిన్నీ."

తనకి అబద్ధం చెప్పడం చేతకాదంది చెల్లెలు.

"అయితే పొట్టిగా చెప్పు," అంది కూతురు.

చెల్లెలు పొట్టిగానే చెప్పింది. ఇస్త్రీ కొట్టు గుమ్మంలో నిలబడి, తాళంచెవి ఇచ్చి, వద్దంది అంది. ఇస్త్రీ ఆవిడ వద్దందా, నిజంగా వద్దందా అని అడిగి, మడత బట్టల మూట మీద కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో తెలియకుండా చేసింది. బతకాలనే ఉంది దానికి అంది. నా పాపిష్టి చేతుల్లోంచి తప్పించావు తల్లీ అంది. ఈ పూట పని తెమలదు, రేపు పొద్దున్నే వచ్చి బొమ్మని తీసుకుంటానంది. చెల్లెలు అలాగే అని, ఆ ఒక్క మాటా మోయలేక తూలినట్టు నడుచుకుంటూ వచ్చేసింది.

మధ్యాహ్నం అక్క భోజనానికి లోపలికి వెళ్ళినప్పుడు రంగులావిడ వచ్చింది. బుట్టలోవి ఏరుకుంది. చెల్లెలు కొంగు కిందనుంచి బొమ్మ తీసి ఇచ్చింది. రంగులావిడ అందుకుని, ఉలిక్కిపడి, కౌంటరు మీద పెట్టేసింది.

"ఇది వెచ్చగా ఉంది."

"అవును."

"నేను ఏం చేస్తానో తెలిసే ఇస్తున్నావా?"

"తెలిసే."

రంగులావిడ ఆమెని ఎగాదిగా చూసింది. ఇన్నాళ్ళూ ప్రశ్నలతో ప్రాణం తోడినది ఈవిడేనా అన్నట్టు. "ఎవరైనా అడిగారా?"

"బొమ్మ ఎవరిదో, వాళ్ళే."

రంగులావిడ బొమ్మని మిగతావాటితో సంచీలో వేయలేదు. భుజం మీది శాలువా తీసి అందులో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

"నుదుటి దగ్గర మొదలుపెట్టండి. తొందరపడకండి," అంది చెల్లెలు.

మర్నాడు పొద్దున చెల్లెలు ఇంకా ఊడుస్తూనే ఉంది, ఇస్త్రీ ఆవిడ వచ్చింది. జుట్టు ముడి వేసుకోలేదు. కాళ్ళకి చెప్పుల్లేవు. పిల్ల పలకట్లేదంది. ముఖం మీద నీళ్ళు చల్లినా లేవట్లేదంది. ఊపిరి మాత్రం చంటిపిల్లలా తీస్తోందనీ, నుదుటి మీద ఒక్క ముడతా లేదనీ చెప్తూ, ఆ మాట దగ్గర ఆగిపోయింది.

"వద్దన్నదాన్ని ఎవరిచ్చారే? ఎవరు అడక్కుండా అమ్మారు?"

అక్కకి ఏమీ తెలీదు. మా చెల్లెలు అడక్కుండా దారం ముక్క కూడా అమ్మదు అనబోయింది. అనబోతూ చెల్లెలి ముఖం చూసింది. చెల్లెలు చీపురు రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరిచి, మాట రాక నిలబడి ఉంది.

"నేనే అమ్మాను," అంది అక్క, ఆ ముఖం మీదినుంచి చూపు తిప్పకుండానే. "బుట్టలో ఉంది, ఇచ్చేశాను. అమ్మాక మాది కాదు."

ఇస్త్రీ ఆవిడ తిట్టింది. మీ చేతులు పడిపోను అంది. బొమ్మలమ్ముకునే బతుకూ ఒక బతుకేనా అంది. కొట్టు తగలబెడతానంది. వీధిలో వాళ్ళు ఆగి చూశారు. అక్క కౌంటరు వెనకనుంచి బయటికొచ్చి, ఎదురుగా నిలబడి, అన్నీ పడింది. ఈసారి చమత్కారం ఏదీ ఆడలేదు. తిట్లు తిరిగి తిరిగి మొదటికొచ్చాయి, నెమ్మదించాయి, ఎవరిని తిడుతోందో ఆమెకే తెలియకుండా అయ్యాయి. కొట్టు మెట్టు మీద కూర్చుంది. నేను నిద్రపుచ్చుదామనుకుంటే వద్దంది నా తల్లి, వద్దంది అని ఎదురుగా ఉన్న గోడకి చెప్పుకుంది. చెప్తూ చెప్తూ, మాట సగంలో ఉండగానే, తల తలుపు చట్రానికి ఆనించి నిద్రపోయింది.

తాడు తెగిన నాటినుంచీ ఆమె కూడా కన్ను మూయలేదు.

చెల్లెలు చీపురు గోడకి చేరేసి, లోపలినుంచి దిండు తెచ్చి, తల కింద పెట్టింది. అక్కకేసి చూసింది. అక్క ఏమీ అడగలేదు. పొద్దు మెట్టు మీదికి పాకుతోంది. అక్క కుర్చీ ఎక్కి, కొట్టు ముందున్న పరదా ముడి విప్పి, ఎండ ఆమె మీద పడకుండా కిందికి దించింది.

ఎవరో కొనేవాళ్ళు వచ్చి, పరదా పక్కకి జరిపి, నిద్రపోతున్న మనిషిని దాటి బీరువాకేసి చెయ్యి చూపించారు.

"ఈ పూట బేరం లేదండీ," అంది అక్క గుసగుసగా.