పావు చుట్టు

కుళాయి తగాదా అప్పటికి మూడో రోజుకొచ్చింది. మొదటి రోజు అత్తగారు ఎవరినీ ఏమీ అనలేదు, కుళాయినే తిట్టింది. రెండో రోజు కోడళ్ళిద్దరినీ కలిపి ఒకే గాటన కట్టింది. మూడో రోజు పొద్దున బకెట్టు నిండి, పొర్లి, నీళ్ళు వంటింటి గడప దాటి ముందుగదిలోకి వచ్చేసరికి ఇక ఎవరో ఒకరు దొరకక తప్పలేదు.

"రెండు జతల కోడళ్ళ చేతులున్నాయి ఈ ఇంట్లో. ఒక్క కుళాయి గట్టిగా కట్టేయడానికి చాలవా?" అంది.

చిన్నకోడలు తాను రాత్రి కట్టేసే పడుకున్నానంది. తన తర్వాత వంటింట్లోకి ఎవరెళ్ళారో తనకేం తెలుసునంది. ఎవరి పేరూ ఎత్తలేదు గాని ఆ మాట తిన్నగా వెళ్ళి పెద్దకోడలి వీపు మీద వాలింది. పెద్దకోడలు వంగి నేల తుడుస్తోంది. చిన్నకొడుకు తల దువ్వుకుంటూ వచ్చి, కుళాయి అమ్మ నోటికి జడిసి ఏడుస్తోందనీ, దాన్ని ఊరుకోబెట్టడం ఎవరి తరమూ కాదనీ తీర్పు చెప్పాడు. అత్తగారు వస్తున్న నవ్వు మింగి, నీకేంరా, నువ్వెళ్ళి నీ మూడో కోడలికి నూనె పోసుకో అంది. మూడో కోడలంటే ఇంటి ముందు షెడ్డులో ఉన్న లేత్ మిషను. పోయిన మామగారు కొన్నది. అందరికంటే ఎక్కువ తిని అందరికంటే ఎక్కువ అరిచేది అదే కనక దానికా వరస కుదిరింది.

పెద్దకొడుకు మాత్రం గోడకి ఆనుకుని టీ తాగుతున్నాడు, గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని. ఆ ఎడమచెయ్యిని గమనించింది ఆయన పెళ్ళాం ఒక్కతే. అందరికంటే ముందు లేచి ముఖం కడుక్కునేది ఆయనే. కుళాయి కట్టింది ఆయనే. కట్టేశాననుకున్నదీ ఆయనే.

"నేనే అత్తయ్యా. మర్చిపోయాను," అంది పెద్దకోడలు గుడ్డ పిండుతూ.

ఆరు నెలలుగా ఆయన కుడిచెయ్యి మాట వినడం లేదు. మొదట బొటనవేలి దగ్గర తిమ్మిరి వచ్చింది. తర్వాత సీసా మూతలు తిరగడం మానేశాయి. ఆ తర్వాత చొక్కా గుండీలతో పొద్దున్నే కుస్తీ మొదలైంది. మొగుడూ పెళ్ళాలిద్దరే, పక్కవీధిలో పనుందని చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, బరువు పని మానాలనీ, పోయిన బలం తిరిగొస్తుందో రాదో చెప్పలేననీ అన్నాడు డాక్టరు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఆయన ఒకే మాట అన్నాడు, ఇంట్లో తెలియకూడదని.

ఆయనకి అంత భయం ఎందుకో తెలియాలంటే ఆ షెడ్డులో పని ఎలా జరిగేదో చెప్పాలి. లేత్ మీద ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతుంది. దాన్ని కోసే టూలు మాత్రం కదలకూడదు. టూలుని ఒక ఇనుప దిమ్మలో దూర్చి పైనుంచి మూడు బోల్టులు బిగిస్తారు. టూలు మొన సరిగ్గా కడ్డీ నడిమికి రావాలి. కిందికుంటే టూలు అడుగున పలచటి రేకు ముక్కలు పెట్టి లేపాలి. కావలసినంతే బయటికి ఉండాలి, ఎక్కువైతే వణుకుతుంది. టూలు కట్టడం వచ్చాకే టర్నరని చెప్పుకోవాలని మామగారు కొడుకులిద్దరికీ నూరిపోశాడు. ఆయన పోయాక టూలు కట్టే పని పెద్దకొడుక్కి వచ్చింది. పొద్దుటి పూట అన్న మిషను నడిపి, భోజనానికి లేచే ముందు తమ్ముడి పనికి కావలసిన టూలు కట్టి వెళతాడు. భోజనమయ్యాక తమ్ముడొచ్చి స్విచ్చి వేస్తాడు, అంతే. అన్న కట్టిన టూలుని కదిపి చూడడం ఆ ఇంట్లో లేదు. అమ్మ వడ్డించిన కంచాన్ని వాసన చూసినంత తప్పు అది.

పెద్దకోడలు మధ్యాహ్నం పూట షెడ్డు ఊడ్చేది. చుట్టలు చుట్టలుగా పడిన ఇనుప పొట్టు చీపురికి చిక్కుకునేది. అలా ఊడుస్తూ ఒకరోజు ఆసరాకి టూలు మీద చెయ్యి వేసింది. అది కదిలింది, ఊగే పన్ను కదిలినట్టు. లోపల అన్నదమ్ములు భోజనం చేస్తున్నారు. మరిది ఏదో అన్నాడు, అత్తగారు నవ్వుతోంది. ఆమె గోడ మేకుకున్న స్పానరు తీసి మూడు బోల్టులకీ తలా పావు చుట్టు ఇచ్చింది. పాతికేళ్ళు దుప్పట్లు పిండిన చేతులు, ఆ మాత్రం తిప్పలేకపోవు. స్పానరు మళ్ళీ మేకుకి తగిలించి వచ్చి మజ్జిగ వడ్డించింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. నలభై రోజులు ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆ ఇంటి టూలు కట్టింది ఆమె. మొగుడికి కూడా చెప్పలేదు. చెబితే ఆయన పరువు తీసినట్టవుతుందనుకుంది.

కుళాయి గొడవ జరిగిన ఆ రోజు మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి దిమ్మలో పలచటి పొడుగాటి టూలుంది. కడ్డీని ముక్కలుగా తెగ్గోయడానికి వాడేది. స్పానరు మేకుకి లేదు, బోల్టు తల మీదే ఉంది. పోనీ, చేతికందేలా ఉందనుకుంది. బోల్టులు ఆ రోజు మరీ వదులుగా ఉన్నాయి. పావు చుట్టుతో ఆగలేదు, రెండేసి చుట్లు తిరిగాయి. ఆయన చెయ్యి ఇంత దిగజారిపోయిందా అనుకుంది. పొద్దున ఆయన బదులు పడ్డ మాటలు కూడా గుర్తొచ్చాయేమో, అరచేతులు ఎర్రబడేదాకా బిగించింది. ఎప్పటిలాగే స్పానరు మేకుకి తగిలించింది.

ఆమె అంట్లు తోముతుండగా మిషను చప్పుడు మారింది. ఠంగుమని ఒక్క శబ్దం. ఆ తర్వాత మోటారు ఊరికే తిరుగుతున్న హోరు. కేక ఏమీ వినపడలేదు. అందరూ పరుగెత్తి వెళ్ళేసరికి మరిది మిషనుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు, కుడికన్నుని చేత్తో మూసుకుని. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారుతోంది.

"అమ్మని రానివ్వకండి," అన్నాడు.

విరిగిన టూలు ముక్క కంట్లో దిగింది. టూళ్ళకి సానపట్టేటప్పుడే తప్ప కళ్ళద్దాలు పెట్టుకునే అలవాటు అన్నదమ్ములిద్దరికీ లేదు. ఆస్పత్రిలో ముక్క తీశారు. కనుగుడ్డు నిలబెట్టగలిగామనీ, ఆ కంటికి వెలుతురూ చీకటీ తేడా మాత్రం తెలుస్తుందనీ, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దనీ చెప్పారు. చిన్నకోడలు ఆ మాట వింటూ అవతలి గోడ మీది గడియారం వంకే చూస్తూ నిలబడింది, టైము చెబితే చాలన్నట్టు.

ఎనిమిది రోజులకి మరిది ఇంటికొచ్చాడు. మనిషి వచ్చాడు గాని నోరు రాలేదు. అత్తగారు కావాలని కుళాయి మీద, మిషను మీద ఏదో ఒకటి అని చూసేది. అతను తలూపేవాడు. అడిగితే మాత్రం ఒకటే చెప్పేవాడు, తప్పు తనదేనని. తెగ్గోసే టూలుతో తొందర పనికిరాదనీ, తాను టూలుని జోరుగా కడ్డీలోకి తోసి ఉంటాడనీ. ఎంత జోరుగా తోశాడో గుర్తురావడం లేదని రోజంతా చెయ్యి గాలిలో మెల్లగా తిప్పుకుంటూ కూర్చునేవాడు, లేని చక్రాన్ని తిప్పుతున్నట్టు. తన చేతికి నిదానం లేదనీ, అలాంటివాడు మిషను దగ్గర నిలబడకూడదనీ, ఎక్కడైనా గేటు దగ్గర కాపలా పని చూసుకుంటాననీ పెళ్ళాంతో అన్నాడట.

ఒక సాయంత్రం అత్తగారు ఉండబట్టలేక, అన్నయ్య ఆ రోజు టూలు సరిగ్గానే కట్టాడా అని అడిగింది. పెద్దకోడలు ఆ గదిలోనే దిండుకి గలీబు తొడుగుతోంది.

"కట్టాడమ్మా. స్పానరు మేకుకే ఉంది," అన్నాడు మరిది. "పని సగంలో ఉంటే బోల్టు మీదే వదిలేస్తాం. నాన్న పెట్టిన పద్ధతి అది. బోల్టు మీద ఉంటే నేను మిషను ముట్టుకుంటానా?"

పెద్దకోడలు గలీబు సగం తొడిగిన దిండు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ షెడ్డులోకి ఇన్నేళ్ళుగా చీపురు పట్టుకుని వెళుతోంది. ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళకి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి.

మొగుడు షెడ్డులో ఉన్నాడు. ఆపేసిన మిషను ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"స్పానరు మేకుకి పెట్టింది నేనండీ," అంది.

"తెలుసు."

ఆమె మిషను పక్కన నేల మీద కూర్చుంది.

"నేను కట్టి వెళ్ళిన బోల్టు మర్నాడు విప్పబోతే నావల్ల అయ్యేది కాదు. రెండు చేతులూ వేసి, కాలు తన్నిపెట్టి విప్పేవాణ్ణి. నలభై రోజులు. ఎవరు బిగిస్తున్నారో తెలియకపోవడానికి పసివాణ్ణా?"

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమనను? బిగించొద్దనా, బిగించమనా?"

ఆ రోజు టూలు మొన కిందికుందట. రేకు ముక్క కోసం డబ్బాలో వెతుకుతుంటే వేళ్ళు పూర్తిగా మొద్దుబారిపోయాయట. భోజనం చేసొచ్చి పూర్తి చేద్దామని స్పానరు బోల్టు మీద ఉంచి వెళ్ళాడు. తిన్నాక ఒక్క పది నిమిషాలు నడుం వాల్చాడు. అదంతా నేలకేసి చూస్తూ చెప్పి, ఇక ఊరుకోమన్నాడు. తాను సగంలో వదిలేశాడు, ఆమె తెలియక బిగించింది, తమ్ముడు చూడకుండా స్విచ్చి వేశాడు. ఎవరి పాలు ఎంతని తూచితే పోయిన కన్ను వస్తుందా? రేపట్నుంచి చిన్నకోడలితో కలిసి ఒకే వంటింట్లో మసలాలా వద్దా?

"అతను తన చెయ్యే మంచిది కాదనుకుంటున్నాడండీ," అంది ఆమె. "గేటు దగ్గర కూర్చుంటాడట."

ఆయన లేచి మిషను మీద గుడ్డ కప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం అయిదుగురూ ఒకేసారి భోజనానికి కూర్చున్నారు. మరిదికి ఒంటి కంటితో దూరం అంచనా తెలియక చెయ్యి గ్లాసుకి రెండు వేళ్ళు ఇవతలే ఆగిపోతోంది. చిన్నకోడలు చూడనట్టే చూసి గ్లాసు ముందుకి జరిపింది. అది చూశాక పెద్దకోడలు ఇక ఆగలేకపోయింది. వడ్డించే గరిటె గిన్నెలో పెట్టేసి మొదటి నుంచి చెప్పింది. డాక్టరు సంగతి, ఊగిన టూలు, పావు చుట్లు, ఆ రోజు స్పానరు. ఆమె ఏడవలేదు. మధ్యలో మొగుడు అందుకుని స్పానరు మేకుకి పెట్టింది తానేనని ఏదో అనబోయాడు. "మీరుండండి," అంది. పాతికేళ్ళలో ఆమె ఆ మాట నలుగురిలో అనడం అదే మొదలు.

అత్తగారు పెద్దకొడుకు కుడిచెయ్యి ఇలా ఇమ్మని అడిగి తన ఒళ్ళోకి తీసుకుంది. తన వేలు పట్టుకుని గట్టిగా నొక్కమంది. నొక్కాడు. ఆమె ఇంకా నొక్కుతాడేమోనని చూస్తూనే ఉంది. ఆయన అప్పటికే బలమంతా పెట్టేశాడు.

చిన్నకోడలు కంచం పక్కకి జరిపి తోడికోడలి వైపు తిరిగింది. "నలభై రోజులు నా పక్కన కూర్చుని అంట్లు తోమావు అక్కా. ఒక్క రోజు నాతో అనలేకపోయావా?"



మరిది మాత్రం అన్నకేసి తిరిగాడు. ఎడమకన్ను ఆనేలా మెడ బాగా తిప్పాల్సి వచ్చింది.

"రేకు పెట్టలేదన్నమాట. ఎంత కిందికుంది?"

"ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది."

"బయటికి?"

"రెండంగుళాల పైనే. లోపలికి జరపాలనుకున్నాను."

మరిది లెక్క వేసుకున్నాడు. కడ్డీ టూలు మీదికి ఎక్కేసి ఉంటుందనీ, అంత కిందికుంటే ఎవరు ఎంత నిదానంగా తోసినా విరిగేదేననీ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "అయితే నా చెయ్యి తప్పు కాదు."

"కాదురా," అన్నాడు అన్న.

మరిది తల దించుకుని కంచంలో ఉన్నదంతా తిన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక కంచం ఖాళీ చేయడం అదే మొదటిసారి. తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి, లేచి వెళ్ళబోతున్న వాళ్ళని కూర్చోమన్నాడు. గొంతు పెంచలేదు.

"కాపలా పనికి పోను. ఏదో ఒక షాపులో మిషను పనే అడుగుతాను, ఒంటి కంటివాడికి ఇచ్చేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారు. ఈ నెలాఖరుకి మేమిద్దరం వేరే ఇల్లు చూసుకుంటాం. అన్నయ్యా, ఈ మిషను నువ్వు ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. నేను మాత్రం నా టూలు నేనే కట్టుకునే చోటికి పోతాను." పెద్దకోడలికేసి తిరిగాడు. "కోపంతో అంటున్నది కాదు వదినా. ఇక్కడుంటే నువ్వు పెట్టిన గ్లాసు కూడా సరిగ్గా పెట్టావా అని చూసుకోవాలనిపిస్తుంది. అలా బతకడం నావల్ల కాదు."

చిన్నకోడలు ఆ మాట తనకీ అప్పుడే తెలిసినట్టు మొగుడి వైపు చూసింది గాని అడ్డు చెప్పలేదు. నెలాఖరంటే ఇంకా పదకొండు రోజులున్నాయని అత్తగారు అంది. మరిది అవునన్నాడు. ఉండిపొమ్మని ఎవరూ అనలేదు.