ఎదురునిప్పు

నేను ఒక పారను. విరిగిన లారీ కమాను పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగదీసి, టెక్కలి పక్క ఒక కమ్మరి నన్ను చేశాడు. మొదట రోడ్డు పనుల మేస్త్రీ కొన్నాడు. అతని దగ్గర ఒకే గోతిని తవ్వడం, పూడ్చడం, మళ్లీ తవ్వడం నా పని. మనుషులు దాన్ని అభివృద్ధి అనేవారు. ఆ పని ముగిశాక, కూలికి వచ్చిన కూర్మయ్య నన్ను అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

అతనికి కొండవాలున కొంత భూమి ఉంది. పైమట్టి వానలకు కొట్టుకుపోయి గులకరాళ్ల గరప తేలిన నేల. నువ్వులు చల్లినా మొలవలేదు. అక్కడ జీడి అంట్లు వేద్దామన్నది అతని భార్య దాలమ్మ. వాననీరు జారిపోకుండా ప్రతి మొక్కకీ దిగువన నాతో నెలవంకలాంటి గట్టు వేయించింది. చెట్టు బలపడాలని మొదట్లో వచ్చిన పూతను తనే తుంచేసింది.

పేచీ అంతా రాలిన ఆకు దగ్గరే.

"కాల్సీద్దామే. జీడిపిక్కలు ఏరడం సులువు. బుడ్డయ్య అదే సేత్తన్నాడు కాదేటి," అనేవాడు కూర్మయ్య. దిగువ తోట బుడ్డయ్యది.

"ఈ గరపకి ఆ ఆకే తిండి మావా. ఉండనీ," అనేది దాలమ్మ.

ఆకు కుళ్లి నేలమీద నల్లటి పొర కట్టింది. దిగినప్పుడల్లా ఖంగుమనడం నేను మానేశాను.

చెట్లు విరగకాసిన ఏడు, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, బుడ్డయ్య తన తోటలో ఆకు తగలబెట్టాడు. గాలి తిరిగింది. మంట ఎగువకు పాకింది.

"నెత్తీ నోరూ కొట్టుకుని సెప్పినాను," కూర్మయ్య అరిచాడు. "నువ్వు దాసిన ఆకే మనల్ని కాల్సీబోతంది."

దాలమ్మ నన్ను పట్టుకుని తోటలో అన్నిటికంటే దిగువనున్న అడుగు వరస చెట్లకు ఎగువన ఆకంతా ఈడ్చి పారేసింది. కూర్మయ్య పచ్చికొమ్మతో ఊడ్చాడు. వాలుకు అడ్డంగా బోడిదారి ఒకటి తేలింది. ఈపాటి దారిని మంట ఒక్క గెంతులో దాటేస్తుందని నాతో కలిపి ముగ్గురికీ తెలుసు.

"అగ్గిపెట్టియ్యి మావా. అడుగు వరసని మనమే కాల్సీద్దాం. వచ్చే మంటకి తినడానికేటీ ఉండదు."

"పిచ్చెక్కిందేటి నీకు? కాయ మీదున్న సెట్లు."

"అయి పోతాయి. పైవి మిగుల్తాయి."

కూర్మయ్య మొలలోంచి అగ్గిపెట్టె తీశాడు. ఆమె చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. తనే వంగి పుల్ల గీశాడు.

రెండు మంటలు ఎదురెదురుగా నడిచాయి. బోడిదారి దాటొచ్చిన రవ్వల మీద దాలమ్మ నాతో మట్టి ఎత్తిపోసింది. నా కర్రకు నిప్పంటుకున్నా వదల్లేదు. మంటలు రెండూ కలిసి, తాటిచెట్టంత లేచి, కూలబడ్డాయి.

అడుగు వరసలో నల్లటి మోళ్లు మిగిలాయి. పై చెట్లన్నీ నిలిచాయి.

పొద్దువాలాక బుడ్డయ్య వచ్చి తలొంచుకు నిలబడ్డాడు.

"నీ తోటేటైంది?" దాలమ్మ అడిగింది.

"సగం పోనాది, అప్పా."

వానలు పడ్డాక రెండు తోటల్లోనూ కొత్త అంట్లకు గోతులు తవ్వింది నేనే.

మొన్న పాతసామాన్ల బండి వచ్చింది. కూర్మయ్య నన్ను అటూ ఇటూ తిప్పి చూసి తటపటాయించాడు.

"ఇచ్చీ మావా, ఇనుమే కదా," అంది దాలమ్మ, పిక్కలు ఆరబోస్తూ.

ఇప్పుడు తుక్కు కుప్పలో ఉన్నాను. కమ్మరి కొలిమిలోంచి తీసినప్పుడు జానెడు ఉండేదాన్ని. బండి ఎక్కింది నాలుగువేళ్లంత. మిగతా నేను అరిగి అరిగి ఆ కొండవాలు మట్టిలో కలిశాను. అక్కడే ఉంటాను.