రెండు వేళ్ల గుడ్డ

బస్సు డిపో డ్రైవర్ల యూనిఫాం రంగులో పిల్లల నిక్కర్లు మార్కెట్ దారిలో పేవ్‌మెంటు మీద అమ్ముతున్నారట, అవి రెండిళ్ల టైలరు చేతి కుట్టేనట. ఈ మాట ఎదురింటావిడ చూసి అన్నది కాదు. ఆవిడకు ఇస్త్రీ అతను చెప్పాడు, అతనికి ఇంకెవరో చెప్పారు. ఇన్ని నోళ్లు తిరిగొచ్చిన మాటను టైలరు భార్య చెవిన వేసి, "నేను నమ్మలేదనుకో వదినా" అని కూడా చేర్చింది ఎదురింటావిడ.

టైలరు భార్యకు ఒళ్లు మండింది. తన మొగుడు మొండివాడంటే ఒప్పుకుంటుంది, పిసినారి అంటే నవ్వుతుంది. గుడ్డ దొంగ అంటే మాత్రం ఊరుకోదు. ఇరవై ఏళ్లుగా డ్రైవర్లంతా డిపో ఇచ్చే యూనిఫాం గుడ్డ పట్టుకుని ఆ ఒక్క కొట్టుకే ఎందుకు వస్తున్నట్టు? కూర్చుని చేసే ఉద్యోగం, ఏడాదికో అంగుళం నడుము పెరుగుతుంది. ప్యాంటు వెనక కుట్టులో రెండు వేళ్ల గుడ్డ లోపలికి వదలందే అతను కత్తెర పెట్టడు. నడుము పెరిగినప్పుడల్లా కుట్టు విప్పి వదులు చేస్తాడు. మిగిలిన ముక్కలు గోరంతైనా సరే, పొట్లం కట్టి ప్యాంటుతో పాటు ఇచ్చేస్తాడు. ఆ కొట్టుకున్న పేరల్లా అదే.

'రెండిళ్ల' అన్న బిరుదు మాత్రం కొత్తది. మూడేళ్ల కిందట అద్దెకివ్వడానికి ఒక ఇల్లు కొందామనుకున్నారు. చేతిలో ఉన్న డబ్బుకు అంతే అప్పు కలిపితే సందు చివర రెండు గదుల ఇల్లు వచ్చేది. ఆరు నెలలు ఖాళీగా పడున్నా కొట్టు మీద వచ్చేదాంతో వాయిదా కట్టుకోవచ్చు, కంటినిండా నిద్రపోవచ్చు, మనకది చాలు అంది ఆమె. అతని కన్ను మెయిన్ రోడ్డు పక్కనున్న రెండు వాటాల మేడ మీద పడింది. దానికి చేతిలో ఉన్నదానికి నాలుగింతలు అప్పు కావాలి. ఉంటున్న ఇంటి కాగితాలు కూడా పెడితే ఇస్తామన్నాడు బ్యాంకాయన. పై వాటా అద్దె, కింది వాటా అద్దె కలిపితే సరిగ్గా నెల వాయిదా. చిల్లర కూడా తేడా లేదు.

"ఒక నెల ఎవరూ లేకపోతే?" అని అడిగింది ఆమె.

"మెయిన్ రోడ్డు మీద ఇల్లు ఖాళీగా ఎందుకుంటుందే పిచ్చిమొహమా. అద్దెకున్నవాళ్లే మనకు మేడ కొనిపెడతారు చూడు."

సంతకం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఆగి, పెట్టింది.

మొదటి ఏడాది అతను కాలరెగరేసుకుని తిరిగాడు. రెండో ఏడు పై వాటా బాత్‌రూం నీళ్లు కింది వాటా గోడల్లోకి దిగాయి. కిందివాళ్లు ఖాళీ చేశారు. పైపులు మార్చడానికి నీళ్లు కట్టేస్తే పైవాళ్లూ వెళ్లిపోయారు. ఐదు నెలలు రెండు వాటాలకూ తాళాలే. వాయిదాకు మాత్రం తాళం వెయ్యడం ఎవరి వల్లా కాలేదు. చేబదుళ్లు తెచ్చి కట్టాడు. ఇప్పుడు మేడలో మనుషులున్నారు, చేబదుళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అమ్మేసి ఊపిరి పీల్చుకుందామని ఆమె ఎన్నిసార్లన్నా, నలుగురిలో తలెత్తుకోవద్దా అంటాడు.

ఆ మధ్యాహ్నం అతను మిషను మీదున్నాడు. ఆమె కింద కూర్చుని కాజాలు కుడుతోంది. ఎదురింటావిడ అన్న మాట ఇంకా చెప్పలేదు, చెబితే చిన్నబోతాడని. అంతలో డిపో పెద్ద డ్రైవరు వచ్చాడు, ఆరు నెలల కిందట కుట్టించుకున్న ప్యాంటు పట్టుకుని.

"పొట్ట నా మాట వినడం లేదు చెల్లెమ్మా, కాస్త వదులు చెయ్యమను" అన్నాడు.

టైలరు తలెత్తకుండా, అక్కడ పెట్టి వెళ్తే రేపు చూస్తానన్నాడు. కుట్టు విప్పడానికి రేపటిదాకా ఎందుకని ఆమె ప్యాంటు అందుకుని, బ్లేడుతో వెనక కుట్టు తెంపింది.

లోపల రెండు వేళ్లు కాదు, గోరంత గుడ్డ కూడా లేదు. అంచుకు అంచు కుట్టేసి ఉంది.

ఆమె వేలు ఆ అంచు వెంట పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెళ్లింది. ఏడాదిగా ఎవరికీ ముక్కల పొట్లం కట్టిచ్చిన గుర్తు లేదు. తనను అద్దెల వసూలుకు పంపిన ప్రతిసారీ కొట్టు తలుపు దగ్గరేసుకునేవాడు. ఎందుకని అడిగితే, దుమ్ము అనేవాడు.

డ్రైవరు వంగి చూశాడు. "ఇదేంటి, లోపల గుడ్డే లేదు?"

"ఈసారి డిపోవాళ్లు తక్కువిచ్చారన్నా" అన్నాడు టైలరు, మిషను చక్రం మీద చెయ్యి వేసి. "సరిపోలేదు."

డ్రైవరు తలూపాడు. ఇరవై ఏళ్ల నమ్మకం కదా, అబద్ధానికి కూడా తలూపింది. ప్యాంటు ఇచ్చెయ్యమన్నట్టు చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు.

"గుడ్డ సరిపోయిందన్నయ్యా. మిగిలింది మా మేడ వాయిదాకు పోయింది. మార్కెట్ దారిలో నిక్కర్లు అమ్ముతున్నారు, వెళ్లి రంగు చూసుకోండి."