సర్వరు గడియారం

శ్రీకాకుళంలో మా నర్సింగ్ హోం కంప్యూటర్లన్నీ సూసుకునేది నేనే, దుర్గాభవానిని. కొత్త సర్వరు పెట్టిన రోజు నాకొచ్చినంత కోపం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఓనరు నారాయణమూర్తిగారు పది పదిహేనుకి ముహూర్తం పెట్టించారు, అది దాటితే దుర్ముహూర్తమట. డిస్కులు తెచ్చే బస్సేమో ఆలస్యమైపోనాది. అన్నీ బిగించి, ఎఫ్2 నొక్కి సెటప్ తెర తెరిసేసరికి ముహూర్తం దాటి నలభై నిమిషాలు. కొబ్బరికాయ పట్టుకుని నిల్సున్న ఆయన తెర మీదికి వొంగి సూసారు.

"ఇందులో గడియారం ఉన్నాది కదే భవానీ. పది పదిహేను సెయ్యి."

"అది ఆడుకునే గడియారం కాదు బాబూ. కాన్పు అవ్వగానే నర్సు వివరాలు కొడితే పుట్టిన టైము ఇదే పడతాది. సరే, పూజ అయ్యాక మళ్లీ సరి సేసేస్తాను."

"సరి సేస్తే ముహూర్తం సెడిపోదేటి? ముట్టుకోకు."

ఒళ్లు మండిపోనాది. ఏటి సేస్తాను, ఉద్యోగం ఆయనిచ్చిందే. నలభై నిమిషాలు వెనక్కి తిప్పి సేవ్ కొట్టాను. ఆయన సర్వరుకి బొట్టెట్టి, కొబ్బరికాయ కొట్టి, నా సేతిలో లడ్డూ పెట్టారు. తింటే తీపి కూడా తెలీలేదు.

ఆ సాయంత్రమే ఆయన కూతురు సుహాసిని మా దగ్గరే ఆడపిల్లని కన్నాది. అల్లుడు రమేష్‌బాబు మిలట్రీలో సేస్తన్నాడు. సెలవు అయిపోనాది, తెల్లారితే రైలెక్కాల. పిల్లని సూసి ఎల్దామనే అన్నాళ్లూ కాసుకున్నాడు.

నర్సు తెర మీది టైము సెప్తే ఓనరుగారు పంతులుగారికి ఫోన్ సేసారు. నక్షత్రం మంచిది కాదట, అరగంట ఆగి పుట్టుంటే ఏ దోషమూ లేదట. శాంతి సేయించేదాకా తండ్రి పిల్ల మొహం సూడకూడదట. శాంతికి నెల్లాళ్లు పడతాదని కూడా సెప్పారు. రమేష్‌బాబు వరండాలో బల్ల మీద కూలబడిపోనాడు. తలుపవతల పిల్ల ఏడుస్తన్నాది, ఈ మనిషి తలొంచుకుని బూట్లకేసి సూస్తన్నాడు.

తిన్నగా ఓనరు దగ్గిరికి ఎల్లాను.

"బాబూ, ఆ టైము పిల్లది కాదు, మీ కొబ్బరికాయది. నలభై నిమిషాలు కలపండి."

ఆయన మొహం పాలిపోనాది. గొంతు తగ్గించి అడిగారు, "అలాగైతే మనం పూజ సేసింది దుర్ముహూర్తంలోనేనా?"

"దుర్ముహూర్తంలోనే."

ఆయన వరండాలోకి ఎల్లి, అందరూ వింటుండగానే మళ్లీ పంతులుగారికి ఫోన్ సేసి, గడియారం తిప్పించింది తనేనని సెప్పారు. నలభై నిమిషాలు కలిపితే ఏ దోషమూ లేదన్నారట పంతులుగారు. తర్వాత అల్లుడి సెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెల్లారు. బయటికొచ్చి నాతో నెమ్మదిగా, "ఆ గడియారం సరి సేసీ" అన్నారు.

నా కోపం ఇంకా సల్లారలేదు. "ముహూర్తం సెడిపోద్ది కదా బాబూ" అన్నాను.

"సెడిపోనీయే. మా అల్లుడు పిల్లని కిందికి దించట్లేదు, ఎల్లి సూడు."