ఇంటర్నేషనల్ స్కూలు శాలువా

నేను ఒక శాలువాను. చలికి కప్పుకునే శాలువానైతే ఈ మాట కాస్త గర్వంగా చెప్పుకునేదాన్నేమో. నేను సన్మానాల శాలువాను. మెరూన్ రంగు ఒళ్ళు, జరీ అని భ్రమపెట్టే మెరుపు అంచు, మధ్యలో మామిడి పిందెలు. నన్ను పెట్టిన కవరు మీద ఉన్ని అని రాసి ఉండేది. నాలో ఉన్ని పోగు ఒక్కటి కూడా లేదు. అబద్ధం కవరులో పుట్టిన దాన్ని కాబట్టి, అబద్ధం ఎక్కడున్నా నాకు ఇట్టే వాసన తగులుతుంది. ఆ వాసనకు జీవితమంతా వికారంతోనే గడిపాను.

ఎక్కడో ఉత్తరాదిన ఒక మరమగ్గం నన్ను కక్కింది. అవును, కక్కింది అనే అంటాను, నేసింది అనడానికి నోరు రాదు. బేళ్ళు కట్టి లారీలో వేస్తే చీరాలలో దిగాను. వీధి వీధినా మగ్గాలున్న ఊరికి నాలాంటి దాన్ని అంత దూరం నుంచి తెప్పించుకున్నారంటే మనుషుల తెలివి ఎంతటిదో నాకు ఆ రోజే అర్థమైంది. మెమెంటోలు, ప్లాస్టిక్ బొకేలు, రంపపు పొట్టు దండలు అమ్మే కొట్లో కొన్నాళ్ళు పడి ఉన్నాను. ఒక రోజు పట్టాభి వచ్చాడు. ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూలుకు అతను ఏ.ఓ., అంటే పరిపాలనాధికారి, కరస్పాండెంటు గారి కుడి భుజం.

"ఒక్కటి చాలా సార్? ఫంక్షనంటే నలుగురైదుగురు పెద్దలు ఉంటారు గదా," అన్నాడు కొట్టాయన.

"చాల్లే. మా దగ్గర తిరుగుతా ఉంటది," అన్నాడు పట్టాభి.

స్కూలు పేరు చెప్పను. పేరులో ఇంటర్నేషనల్ అన్న మాట ఉంది, గేటు దాటితే చేపల మార్కెట్టు ఉంది. ఒకప్పుడు ఎరువుల గోడౌను. ఇప్పటికీ వాన పడితే కింది అంతస్తులో యూరియా కంపు లేస్తుంది. ముందు గోడ మీద పచ్చటి గడ్డిలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్న బొమ్మ వేయించారు. ఆడుకోవడానికి ఉన్న చోటు ఆ గోడ ఒక్కటే. లోపల ఉన్న కాస్త ఖాళీలో వ్యాన్లు నిలుపుతారు. ఆటల పీరియడ్‌లో లెక్కలు చెబుతారు. అయినా ఆఫీసు గది నిండా కప్పులూ షీల్డులే. రాసిన ప్రతివాడికీ మెడల్ ఇచ్చే ఒలింపియాడ్‌లవి కొన్ని, కరస్పాండెంట్ లింగేశ్వరరావు గారు హైదరాబాదు హోటల్లో కోటు వేసుకుని అందుకున్న ఉత్తమ విద్యాసంస్థ అవార్డులు కొన్ని. వాటి పక్కన బీరువాలో నన్ను పెట్టారు. మంచి జోడీ అనుకున్నాను.

నాతో ఏం పని చేయించారో చెబితే మీకూ రోత పుడుతుంది. వేదిక మీద ముఖ్య అతిథికి నన్ను కప్పేవారు. ఫోటో తీసేవారు. ఆయన కూర్చోగానే వెనక నుంచి స్కూలు ఆయా వచ్చి, "అయ్యా, ఇటీయండయ్యా, మడతపెట్టి కారులో పెడతాం," అని మెల్లగా నన్ను లాగేసేది. తెర వెనక గబగబా మడతపెట్టి ట్రేలో పెడితే, మరుక్షణం నేను రెండో అతిథి కోసం వచ్చేదాన్ని. తర్వాత మూడో అతిథి. కారులోకి వెళ్ళేది రెండు ఆపిల్ పండ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్టు ఉన్న సంచి. ఇంటికి వెళ్ళాక నా శాలువా ఏదని అడిగిన పెద్దమనిషి ఇంతవరకు ఒక్కడూ లేడు. అంటే కప్పేవాళ్ళకే కాదు, కప్పించుకునేవాళ్ళకూ నేను అక్కరలేదు. ఇద్దరికీ కావలసింది ఫోటో.

ఎన్ని మెడలు చూశానో. ఒకాయన తలకు వేసుకున్న రంగు చెమటతో కారి నా అంచుకు అంటింది. ఒకాయన పౌడరు పూసుకొచ్చాడు. తడి దండల నీళ్ళు, బజ్జీ తిన్న వేళ్ళు, ముక్కుపొడుం తుమ్ము, అన్నీ నా మీదే. ఒకాయన పిల్లలకు నిజాయితీ గురించి ఉపన్యాసం ఇస్తూ నా కొసతో నోరు తుడుచుకున్నాడు. వాళ్ళు పొగిడిన పొగడ్తల కన్నా ఆ తుడుపే నయం, కనీసం అది నిజం.

నన్ను వాళ్ళ మెడల నుంచి విప్పి, మేడ మీద కుళాయి దగ్గర ఉతికి, ఇస్త్రీ చేసేది ఆ ఆయా ఒక్కతే. పేరు ఎస్తేరమ్మ. ఆ పేరు ఆమె కూతురు స్నేహితురాళ్ళతో చెప్పగా విన్నాను. స్కూల్లో మాత్రం ఎల్కేజీ పిల్లల దగ్గర నుంచి కరస్పాండెంటు గారి దాకా అందరికీ ఆమె ఆయమ్మే. కూతురు కెజియా అక్కడే పదో తరగతి. నాన్న చిన్నప్పుడే పోయాడు. పిల్ల ఫీజును తల్లి జీతంలోంచే నెలనెలా కోసుకుంటారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఆ పిల్ల పరుగెత్తేది. స్కూల్లో కాదు, ఎక్కడ పరుగెత్తుతుంది. తెల్లవారుజామున వాడరేవు సముద్రపు ఇసకలో. కూతురి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని తల్లి ఒడ్డున కూర్చునేది. అక్కడి నుంచి నేరుగా వచ్చి స్కూలు ఊడ్చేది, చీర కుచ్చిళ్ళలో ఇసక రాలుతూ ఉండేది. రాష్ట్రస్థాయి పరుగు పందేలకు కెజియా ఎంపికైతే ప్రిన్సిపాల్ సుహాసిని మేడమ్ సెలవు ఇవ్వలేదు.

"పరుగెత్తి ఏం సాధిస్తావే? ఆ రోజు ఫిజిక్స్ స్లిప్ టెస్టు ఉంది," అంది.

తల్లీ కూతుళ్ళు చెప్పకుండానే వెళ్ళారు. తిరిగొచ్చాక పిల్లను క్లాసు బయట నిలబెట్టారు. ఆమె నిలబడి ఉండగానే జిల్లా పేజీలో ఫోటో పడింది. మూడు వేల మీటర్ల పరుగులో రాష్ట్రంలో మొదటి స్థానం, పక్కనే స్కూలు పేరు. పట్టాభి ఆ పేపరు పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. సాయంత్రానికి గడియార స్తంభం దగ్గర ఫ్లెక్సీ లేచింది. అందులో లింగేశ్వరరావు గారు నిలువెత్తున ఉన్నారు. కెజియా ఆయన మోచేతి కింద, తపాలా బిళ్ళంత.

వార్షికోత్సవం దగ్గర పడింది. మా స్కూల్లో ఒక ఆచారం ఉంది. ఆ ఏడాది ఎవరు పేరు తెచ్చారో వాళ్ళ అమ్మానాన్నలను వేదిక మీదికి పిలిచి నన్ను కప్పుతారు. ముందటేడు ఒక డాక్టరు గారి దంపతులకు కప్పారు, ఇద్దరికీ కలిపి నన్నొక్కదాన్నే చుట్టారు. ఈసారి కెజియాను ఆఫీసుకు పిలిచి, ఇంగ్లీషులో రాసిన ఉపన్యాసం చేతికిచ్చి బట్టీ పట్టమంది సుహాసిని మేడమ్. ఆ పక్కనే ఎస్తేరమ్మ బల్ల మీద నన్ను ఇస్త్రీ చేస్తోంది.

"మేడమ్, గెలిచినవాళ్ళ ఇంట్లోవాళ్ళకి శాలువా కప్పుతారు గదా. మా అమ్మకి కప్పుతారా?" అంది కెజియా.

ఇస్త్రీ పెట్టె నా మీద ఆగిపోయింది. నా పిందె ఒకటి కాలింది కూడా. అరవాలనుకున్నాను, కానీ ఆ తల్లి ముఖం చూసి ఊరుకున్నాను. అంత ఆశ నేను వేదిక మీద ఏ ముఖంలోనూ చూడలేదు.

"చూద్దాంలే. ముందు స్పీచ్ నేర్చుకో," అంది మేడమ్.

తల్లీ కూతుళ్ళు వెళ్ళాక లింగేశ్వరరావు గారు వచ్చారు. మేడమ్ సంగతి చెప్పింది.

"ఆయమ్మని ముఖ్య అతిథిగా వచ్చే ఆఫీసరు గారి పక్కన నిలబెడతామా? అడ్మిషన్ల కోసం వచ్చే పేరెంట్స్ ఏమనుకుంటారు?" అన్నారాయన. కాసేపు గెడ్డం రుద్దుకుని, "పిల్లను మన సంస్థ దత్తత తీసుకుందని అనౌన్స్ చేద్దాం. తండ్రి స్థానంలో నాకు కప్పేయండి," అన్నారు.

"తల్లి ఉంది గదండీ?"

"ఉంటే? ఆ పూట టీల దగ్గర పెట్టండి."

తల్లి బతికుండగా, ఆ తల్లి జీతం కోసుకుంటూ, పిల్లను దత్తత తీసుకోవడం. ఇన్నాళ్ళూ నాకు అంటిన చెమటంతా గంధంలా అనిపించింది ఆ క్షణాన.

కల్యాణ మండపం అద్దెకు తీసుకున్నారు. సీతాకోకచిలుకల వేషాల్లో ఎల్కేజీ పిల్లలు దాహంతో ఏడుస్తున్నారు. ఆఫీసరు గారు ఆవలింతలను చేతిరుమాలుతో మూస్తున్నారు. ఆయన కోసం ఒకసారి, ఆయన స్నేహితుడి కోసం ఒకసారి నేను వేదిక ఎక్కి దిగాను. రెండుసార్లూ ఎస్తేరమ్మే విప్పింది. ఆమె ఉతికిన చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి ఇంకా తనను పిలుస్తారనే అనుకుంటోంది. పట్టాభి వచ్చి టీ ఫ్లాస్కు చేతికిచ్చి తెర వెనక నిలబెట్టాడు.

మైకులో దత్తత ప్రకటన వినిపించింది. "ఈ బంగారు తల్లికి అన్నీ తామై పెంచుతున్న మన కరస్పాండెంటు గారు" అంటూ నన్ను లింగేశ్వరరావు గారి భుజాల మీద వేశారు. ఆయన కొన్న శాలువాను ఆయనకే కప్పారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు, పొడి కళ్ళు. తెర సందులోంచి ఎస్తేరమ్మ కనిపించింది. గ్లాసు నిండిపోయి టీ ఆమె వేళ్ళ మీదికి కారుతోంది, ఆమెకు తెలియడం లేదు.

కెజియాను మైకు దగ్గరకు పంపారు. "రెస్పెక్టెడ్ కరస్పాండెంట్ సార్" అని మొదలుపెట్టి ఆగిపోయింది. మరిచిపోయిందనుకుని మేడమ్ కింద నుంచి పెదాలు ఆడించి అందించింది. ఆ పిల్ల అటు చూడలేదు.

"నన్నెవరూ దత్తత తీసుకోలేదండి. మా అమ్మ ఉంది. పేరు ఎస్తేరమ్మ. ఈ స్టేజీ ఎనకాల టీలు పోస్తా ఉంది. నా ఫీజు మా అమ్మ జీతంలో కోసుకుంటారు. శాలువా మా అమ్మకి కప్పాలండి. లేకపోతే నాకూ ఏమీ వద్దు."

మొదట వెనక వరసలో వ్యాను డ్రైవర్లు చప్పట్లు కొట్టారు, తర్వాత ఆయాలు, తర్వాత తల్లిదండ్రులు. ఆఫీసరు గారు కూడా నిద్ర లేచి కొట్టారు. లింగేశ్వరరావు గారు ఎంత గడుసువారో అప్పుడు చూడాలి. చటాలున నన్ను విప్పి చేతిలో పట్టుకుని, చిరునవ్వుతో మేడమ్ వైపు వంగి, "పేరేంటి ఆవిడది?" అన్నారు. ఆ పిల్ల అప్పుడే మైకులో చెప్పిన పేరు ఆయన చెవికి ఎక్కలేదు. మేడమ్‌కూ ఎక్కలేదు.

"మన ఆయమ్మను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను. మా సంస్థలో ఆయమ్మ అయినా, ప్రిన్సిపాల్ అయినా ఒక్కటే," అన్నారు మైకులో. ఆమెకు నన్ను కప్పుతూ ముఖం మాత్రం కెమెరా వైపు తిప్పారు. నాకు కడుపంటూ ఉంటే అక్కడే వాంతి చేసుకునేదాన్ని. కానీ నా కింద ఎస్తేరమ్మ భుజాలు వణుకుతున్నాయి. ఆ వణుకులో నటన లేదు. దానికోసం ఓర్చుకున్నాను.

ఆమె తెర వెనక్కి రాగానే పట్టాభి ట్రే పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఆయమ్మా, తొందరగా విప్పి మడతపెట్టు. ఆఫీసరు గారి మేడమ్‌కి కప్పాలి."

అలవాటు కొద్దీ ఆమె చెయ్యి భుజం మీదికి వెళ్ళింది. నా అంచు పట్టుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను. చెయ్యి అక్కడే ఆగింది.

"ఇయ్యను సార్."

"ఇయ్యకపోవడమేంది? అందరి దగ్గరా తీసుకొచ్చేది నువ్వే గదా."

"అందరికీ నేనే ఇప్పాను. నాకు ఇప్పేవాళ్ళు ఎవరూ లేరు," అని ఫ్లాస్కు అతని ట్రేలో పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని, నన్ను కప్పుకునే రోడ్డు మీదికి నడిచింది. ఆఫీసరు గారి భార్యకు ఏం కప్పారో నాకు తెలియదు.

ఇంటికి తీసుకెళ్ళి నన్ను పెట్టెలో దాచుకుంటుందనుకున్నాను. ఆమె అంత అమాయకురాలు కాదు. నా బతుకేమిటో, నా మీద ఎవరెవరు ఏమేం తుడుచుకున్నారో ఆమెకన్నా ఎవరికి తెలుసు. దొడ్లో స్నానాలకు తాటాకుల దడి ఉంది, దానికి తలుపు లేదు. బాగా ఉతికి నన్ను అక్కడ కట్టింది.

ఆదివారం పొద్దున పట్టాభి వచ్చాడు. దడి ముందు నిలబడి నన్ను చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

"సార్‌కి కోపం ఏమీ లేదు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు."

"రాను సార్. రొయ్యల షెడ్డులో కుదిరాను. పిల్ల టీసీ ఇయ్యండి. గవర్నమెంటు హైస్కూల్లో చేరుస్తా, అక్కడ గ్రౌండుంది."

పట్టాభి గిరుక్కున ఇటు తిరిగాడు. "అట్లా అంటే ఎట్లా? అడ్మిషన్ల టైములో గడియార స్తంభం కాడ ఆ పిల్ల ఫ్లెక్సీ ఉంది గదా. ఇప్పుడు దాన్నేం చెయ్యాలి?"

"ఫ్లెక్సీ మీరే ఉంచుకోండి," అంది ఎస్తేరమ్మ. "పిల్ల నాది."